అక్కని ఏ భాషలో అడిగారు?

మా అక్క పడిపోయింది సిగ్నల్ బండ మీద.

జి.మాడుగులకి అవతల కొండల్లో ఆమె పనిచేసే సబ్ సెంటర్ ఉంది. దాని వెనక పావుగంట ఎక్కితే ఒక నల్లటి బండ వస్తుంది. ఆ చుట్టుపక్కల ఫోన్‌కి సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. గర్భిణుల బరువులు, పిల్లలకి వేసిన సూదులు, ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు, ఏ రోజువి ఆ రోజు ఫోన్‌లో ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు. ఎక్కించకపోతే మెమో. సిగ్నల్ లేదని చెబితే, లేనిచోట ఉద్యోగం ఎందుకు చేస్తున్నావని అడిగిన అధికారి కూడా ఉన్నాడు. అందుకని అక్క పగలంతా ఊళ్ళు తిరిగి, పొద్దు వాలే వేళకి ఆ బండెక్కి కూర్చుని, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ ఉండేది. నలభై ఏడేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఏఎన్ఎం.

ఆమె సంచిలో ఎప్పుడూ బీపీ మిషను ఉండేది. ఆ పదకొండు ఊళ్ళలో దాని పట్టీ చేతికి చుట్టించుకోని పెద్దవాళ్ళు లేరు. ఆమె చేతికి మాత్రం ఎవరూ చుట్టలేదు. ఆమె కూడా చుట్టుకోలేదు. తర్వాత ఆస్పత్రిలో చూస్తే రెండు వందలు దాటి ఉంది.

కాఫీ పళ్ళు కోసి దిగుతున్న ఆడవాళ్ళకి ఆమె బండ మీద ఒక పక్కకి ఒరిగి కనిపించింది. ఫోన్ చేతిలోనే ఉందట. నోరు కుడివైపు జారిపోయింది. రోడ్డు దాకా డోలీ కట్టి మోసుకొచ్చారు. ఎన్ని డోలీల వెనక సెలైన్ సీసా ఎత్తిపట్టుకుని నడిచిందో అక్క! ఆ రోజు ఆమె డోలీ వెనక సీసా పట్టుకునేవాళ్ళే లేరు.

నేను ఆమె చెల్లెల్ని, పెదబయలు మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచర్ని. ఏటా బోర్డు మీద మెదడు బొమ్మ గీస్తాను. ముందరి భాగం ఆలోచనకి, వెనకది చూపుకి, ఎడమవైపు మాటకి అని బాణాలు వేసి పేర్లు రాస్తాను. కొండ దిగి పెద్దాస్పత్రిలో డాక్టరు ఫిల్ము ఎత్తి వెలుతురుకి చూపించినప్పుడు నేను గీసే బొమ్మే కనిపించింది. ఎడమవైపు ఒక మచ్చ.

"రక్తనాళం పూడుకుపోయింది. ముందే తీసుకొచ్చి ఉంటే కరిగించే మందు ఇచ్చేవాళ్ళం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట దెబ్బతింటాయి. ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేం," అన్నాడాయన.

ముందే అంటే నాలుగున్నర గంటల్లోపట. బండ మీంచి రోడ్డుకి, రోడ్డు మీంచి పాడేరుకి, పాడేరు నుంచి ఘాట్ దిగి ఆస్పత్రికి మాకు ఎనిమిది గంటలు పట్టింది. ఈ లెక్క ఎవరి మీద విసరాలో నాకు తెలియలేదు.

నాలుగు రోజులు అక్క నోటి వెంట మాట రాలేదు. ఐదో రోజు పొద్దున్న నర్సు మంచం పక్కనుంచి పిలిచింది. "మీ అక్కగారు రాణీ, రాణీ అంటున్నారు. రాణి ఎవరండీ, కూతురా?"

నేను వెళ్ళి వంగి విన్నాను. అక్క అంటున్నది రాణీ అని కాదు. పానీ అని. దాహం వేస్తోంది ఆమెకి. మా ఇంటి భాషలో నీళ్ళు అడుగుతోంది.

మా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. కొండ మీద చాలా తెగలవాళ్ళం సంతలో ఒకరితో ఒకరం మాట్లాడుకునేది కూడా అదే. తెలుగు మాకు బడిలో వచ్చింది. అక్క ఎనిమిదో ఏట ఆశ్రమ పాఠశాలలో చేరింది, నేను ఆరో ఏట. అక్కడ ఇంటి భాషలో మాట్లాడిన పిల్లల మెడలో ఒక పలక తగిలించేవాళ్ళు. దాని మీద ఏం రాసి ఉండేదో మాకు చదవడం రాదు, కాని చూసినవాళ్ళు నవ్వేవారు. అక్క మెడలో అది చాలా రోజులు వేలాడింది. తర్వాత పట్టుబట్టి తెలుగు నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, నర్సు ట్రైనింగ్‌లో కింది ఊళ్ళ అమ్మాయిలు ఆమెని చూసి, "నువ్వు ఏజెన్సీదానివంటే నమ్మలేమే!" అనేవారట. ఆ మాటని ఆమె చాలా ఏళ్ళు మెచ్చుకోలుగానే చెప్పుకుంది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి అక్క ఒడియాలో మాట్లాడుతోంది. కొన్ని మాటలు తడబడేవి, కొన్నిటికి వెతుక్కునేది, దొరక్కపోతే చేత్తో చూపించేది. కాని చెప్పదలచుకున్నది చెప్పేది. మేకని ఎందుకు కట్టలేదని బావని కోప్పడేది. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాలేదు. మేం తెలుగులో మాట్లాడితే అక్కడక్కడ ఒక మాట అందుకుని, మిగతాదానికి నవ్వి తలూపేది. ఆ నవ్వు చూసి నేను పొరబడ్డాను. అర్థమవుతోందనుకున్నాను. రేపో మాపో తెలుగూ వస్తుందనుకున్నాను.

సెలవు పొడిగించాలంటే మెడికల్ బోర్డు కాగితం కావాలన్నారు. కింద టౌన్‌లో బోర్డు కూర్చునే రోజున బావా నేనూ ఆమెని తొలి బస్సుకి తీసుకెళ్ళాం. వరండా నిండా జనం. కాళ్ళు లేనివాళ్ళు, కళ్ళు లేనివాళ్ళు, ఒళ్ళో పెట్టుకున్న పెద్ద పిల్లలు. కూర్చోవడానికి రెండే బెంచీలు. మా వంతు వచ్చేసరికి భోజనాల వేళ అయింది.

లోపల టేబుల్ వెనక ఒక డాక్టరు. కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు.

"పేరు?"

అక్క నా వైపు చూసింది. నేను నోరు తెరవబోయాను.

"మీరు చెప్పకండి. పేషెంటే చెప్పాలి. పేరేంటమ్మా?"

అక్క నవ్వి తలూపింది.

"ఇది ఏ నెల?"

తలూపింది.

"వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?"

తలూపింది. ఆయన ఒక అట్ట ముక్క తీసి దాని మీద బొమ్మ చూపించాడు. కోడిపెట్ట బొమ్మ. "ఇదేంటి?"

అక్క ముఖం వెలిగింది. "కుక్డా!" అంది గట్టిగా.

"కోడిని చూపిస్తే కుక్క అంటోంది," అని పక్కనున్న గుమాస్తాతో చెప్పి రాయడం మొదలుపెట్టాడు.

"సార్, మా భాషలో కుక్డా అంటే కోడే సార్. ఆమె సరిగ్గానే చెప్పింది. ఆమెకి తెలుగు—"

"ఏఎన్ఎంగా ఇరవై ఏళ్ళు చేసిన మనిషికి తెలుగు రాదంటారా?" అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు నా వైపు చూశాడు. తలెత్తి చూడటం అదే మొదటిసారి. "మీరు బయట నిలబడండమ్మా. ఇంకా అరవైమంది ఉన్నారు."

మూడు నిమిషాలు కూడా పట్టి ఉండదు. కాగితం చేతికొచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనే బావకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. తెలివితేటలు తీవ్రంగా దెబ్బతిన్నాయి, జ్ఞాపకం లేదు, తన గురించి తాను నిర్ణయాలు తీసుకునే స్థితిలో లేదు, ఎవరో ఒకరు ఆమె తరఫున చూసుకోవాలి. కింద సంతకం, ముద్ర. బస్టాండులో అక్క నా చేతిలో కాగితం చూసి, ఏం రాశారని అడిగింది. సెలవు ఇచ్చారని అబద్ధం చెప్పాను. ఆమెకి ఒడియాలో నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదే అనుకుంటాను.

ఆ డాక్టరు చెడ్డవాడని నేననను. అరవైమంది ఉన్నమాట నిజమే. కాని ఇన్నేళ్ళు మా భాషని లెక్కలోకే రానివ్వనివాళ్ళు, మా అక్క తెలుగు పోగానే తెలివే పోయిందని ఎలా రాశారు? తెలుగులో నెల పేరు చెప్పలేకపోతే మనిషి లేనట్టేనా? ఆయన్ని ఎవరైనా మా సంతలో నిలబెట్టి, మా భాషలో నాలుగు ప్రశ్నలడిగి, ఆయన తెల్లమొహం వేస్తే, ఈయనకి మతి లేదని కాగితం రాసిస్తే ఎలా ఉంటుంది? బస్సు ఘాట్ ఎక్కుతున్నంతసేపూ నాకివే ఆలోచనలు. అక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

కాగితం ఊళ్ళోకి వచ్చాక అది మనిషికంటే పెద్దదైపోయింది.

అంతకుముందు బావ ఏ పని చేయాలన్నా అక్కని అడిగేవాడు. మెల్లగా అడగడం మానేశాడు. ఏ చేనులో రాగులు వేయాలి, ఏ మేకని అమ్మాలి, అన్నీ అన్నదమ్ములతో మాట్లాడుకునేవాడు. అక్క మధ్యలో ఏదో అనబోతే చేత్తో వారించేవాడు. ఒకసారి నేను నిలదీశాను.

"డాట్రు రాసీసినాడు కదమ్మీ. మనమేటి సేత్తాం?" అన్నాడు.

"డాక్టరు రాస్తే నీకు కళ్ళు లేవా బావా? నీతో రోజూ మాట్లాడతంది కదా!"

"మాటాడతాది, నేదన్లేదు. ఆస్పత్రోలు సదూకున్నోలు. మనకేటి తెల్సు?"

ఆయన మనసులో కల్మషం లేదు. కాగితాన్ని నమ్మాడు, అంతే. కాగితాన్ని నమ్మమని మాకు ఎవరు నేర్పారో అందరికీ తెలిసిందే.

ఒకరోజు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి సబ్ సెంటర్ తాళాలు ఇమ్మన్నారు. అక్క నడుముకి దోపుకున్న తాళాల గుత్తిని బావ లాగి ఇచ్చేశాడు. నేనక్కడ లేను. ఆమె ఏడవలేదని, వాళ్ళు వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడి చూసిందని పక్కింటావిడ తర్వాత చెప్పింది. సాయంత్రం గంజి తాగలేదట.

మా వాళ్ళలో సగంమంది మిషను చర్చికి వెళ్తారు, మేమూ వెళ్తాం. పండగలకి కొండ దేవతకి మొక్కేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, ఎవరి దారి వారిది. ఆ ఆదివారం అక్కని చర్చికి తీసుకెళ్ళాను. పాట మొదలైంది. చిన్నప్పటినుంచీ పాడుతున్న తెలుగు పాట. రెండో చరణం నుంచి అక్క అందుకుంది. ఒక్క మాట తప్పకుండా, ఒక్క అక్షరం జారకుండా, చివరిదాకా పాడింది. పాట అయ్యాక, "అక్కా, ఇప్పుడు పాడిన మాట ఒకటి చెప్పు," అన్నాను తెలుగులో. ఆమె నన్ను చూసి నవ్వి తలూపింది. ఆ పాట ఆమె నోటికి తెలుసు, తెలుగు తెలియదు.

బయటికి రాగానే చెట్టు కింద గుసగుసలు. "పాటయితే అంత సక్కగా పాడీసింది. మాటలు రావంట! ఏటి నాటకాలు?" అంది ఒకావిడ. ఆవిడ ఇద్దరు కోడళ్ళకీ కాన్పులు చేసింది మా అక్కే.

అంటే మా అక్కకి రెండే దారులు మిగిల్చారు. మాట రాకపోతే మతిలేనిది, పాట వస్తే దొంగది.

ఆ కోపంతోనే నేను బడికి తిరిగి వెళ్ళాను. సోమవారం ఏడో తరగతిలో ఒక పిల్ల వెనక బెంచీలో పక్కదానితో వాళ్ళ కువి భాషలో ఏదో చెబుతోంది. నాకు తెలియకుండానే నా నోటి వెంట, "తెలుగులో మాట్లాడండి!" అని వచ్చేసింది. మెడలో పలక తగిలించే రోజులు పోయాయని, నేను అలాంటి టీచర్ని కాదని అనుకుంటూ వచ్చానిన్నాళ్ళూ. ఆ పిల్ల వెంటనే నోరు మూసుకుని నవ్వి తలూపింది. అచ్చం మా అక్క బోర్డు గదిలో ఊపినట్టే. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. నా మీద నాకు కలిగినంత అసహ్యం ఆ డాక్టరు మీద కూడా కలగలేదు.

మార్చి నెల దాటాక, ఊళ్ళో పిల్లలకి సూదులు వేసే బుధవారం, సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్ళాను. సబ్ సెంటర్‌కి కొత్త నర్సు వచ్చింది. కింది ఊళ్ళ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఆరు వారాలు. అరుగు మీద తల్లులు బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్క కర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి చివర్న కూర్చుంది. ప్రతి బుధవారమూ అలాగే వచ్చి కూర్చుంటోందట. ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆ రోజు మందుల పెట్టె ఆలస్యంగా వచ్చింది. తెచ్చే ఆటో ఘాట్‌లో చెడిపోయి ఎండలో గంటల తరబడి ఆగిపోయిందని డ్రైవరు చెప్పాడు. నర్సు హడావుడిగా పెట్టె తెరిచి, సీసా తీసి, సిరంజిలోకి మందు ఎక్కించబోతోంది. మొదటి బిడ్డ తొడ మీద అప్పటికే దూదితో తుడిచేసింది.

"నాయ్!"

వద్దని అక్క అరిచింది. అందరం ఉలిక్కిపడ్డాం. ఆమె లేచి, కర్ర వదిలేసి, గోడ పట్టుకుని రెండడుగులు వేసి, ఎడమచేత్తో నర్సు చేతిలోని సీసాని పట్టుకుంది.

"ఏటండీ ఈవిడ! పట్టుకోండి, పట్టుకోండి! సూది గుచ్చుకుంటాది!" అని నర్సు కేకపెట్టింది.

ఇద్దరు ఆడవాళ్ళు అక్కని నడుం దగ్గర పట్టి వెనక్కి లాగారు. ఆమె సీసా వదల్లేదు. "కలా! కలా!" అని అరుస్తోంది. ఒకావిడ బిడ్డని చీరచెంగులో దాచుకుని, "మతి పోయినోలికి ఇక్కడేటి పని?" అంది.

కలా అంటే నలుపు. నేను పరుగున వెళ్ళి అక్క గుప్పిట్లోని సీసా తీసుకుని చూశాను. సీసా లేబుల్ మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో చదరం ఉంటాయి. చదరం తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు. వేడి తగిలే కొద్దీ అది నల్లబడుతుంది. గుండ్రమంత రంగుకి వస్తే ఆ మందు పారేయాలి. అక్క ఎన్నోసార్లు నాకు చూపించింది. ఈ సీసా మీద చదరం గుండ్రంకంటే నల్లగా ఉంది.

నర్సుకి చూపించాను. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పెట్టెలో మిగతా సీసాలు ఒక్కొక్కటే తీసి చూసింది. ఇంకో రెండు కూడా అలాగే ఉన్నాయి.

"నాను సూడనేదు మేడం. లేటయిపోనాదని బేగి బేగి ఏసేద్దామని..." ఏడుపు ఒక్కటే తక్కువ.

అక్కని పట్టుకున్న చేతులు వదులయ్యాయి. ఆమె అరుగు మీద కూలబడి రొప్పుతోంది. రొప్పుతూనే నాతో ఒడియాలో చెప్పింది. తల్లుల్ని పంపించెయ్యమను, శనివారం రమ్మను, ఈ పిల్లని తిట్టొద్దు, పెట్టెలో ఐసు ఎన్నింటికి పెట్టారో అడుగు.

అరుగు మీద పదిమంది ఉన్నారు. పదిమందికీ ఆ భాష తెలుసు. అందరూ విన్నారు. విని, ఒళ్ళో బిడ్డల బట్టలు సర్దుకుంటున్నారు. నేను మాత్రం ఊరుకోలేదు. అక్కడే అందరిముందూ గట్టిగా అరిచాను. ఈమెకి మతి లేదా? ఇప్పుడు మీ బిడ్డల్ని కాసింది ఎవరు? కాగితమా? ఎప్పుడూ గొంతు పెంచని దాన్ని, ఆ రోజు నా అరుపుకి బిడ్డలు ఏడుపు లంకించుకున్నారు. అక్కే నా కొంగు లాగి కూర్చోబెట్టింది.

ఆ వారమే ఆమెని ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బావ రానన్నాడు, తర్వాత జీపు దగ్గరికి వచ్చి ఎక్కాడు. అక్కడ ఒక డాక్టరమ్మ చూసింది. బోర్డు కాగితం చదివి పక్కన పెట్టి, అడిగిన మొదటి మాట ఇది.

"ఈ ప్రశ్నలన్నీ అక్కని ఏ భాషలో అడిగారు?"

తెలుగులో అని చెప్పాను. ఎన్ని నెలల తర్వాత, ఎంతమంది తర్వాత, ఒక మనిషి ఆ మాట అడిగింది! ఇందులో పెద్ద చదువేముంది? ఇది అడగడానికి మిషను కావాలా, ఫిల్ము కావాలా?

నేను తర్జుమా చేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. చెల్లెలివి, తెలియకుండానే అందిస్తావు అంది. వార్డులో పనిచేసే ఆయా ఒకామె ఒడిశాలో కోరాపుట్ వైపు మనిషి, మా భాషే మాట్లాడుతుంది. ఆమెని పిలిపించి కూర్చోబెట్టింది. నన్నూ బావనీ గోడ దగ్గర నిలబడమంది, నోరు మెదపొద్దంది.

ఆయా పేరడిగింది, అక్క చెప్పింది. నెల అడిగింది. "చైత్," అంది అక్క, కొండ మీద వేట పండగ నెల. సరైనదే. పెట్ట బొమ్మకి కుక్డా అంటే ఈసారి ఎవరూ నవ్వలేదు. నాలుగు బొమ్మల్ని జరిగిన వరసలో పేర్చమంటే పేర్చింది. మూడు వస్తువులు చూపించి దాచేసి, కాసేపాగి అడిగితే రెండు చెప్పి, మూడోదానికి మాట దొరక్క, జుట్టు దువ్వుకున్నట్టు చూపించింది. దువ్వెనే. లెక్కల దగ్గర డాక్టరమ్మ ఆగి, "ఈవిడ నర్సు కదా. బిడ్డకి సూదులు ఎన్నో వారంలో వేస్తారో అడుగు," అంది.

"ఛో, దస్, చౌద," అంది అక్క, తడుముకోకుండా. ఆరు, పది, పద్నాలుగు.

గోడ దగ్గర బావ చప్పుడు చేయకుండా ఏడుస్తున్నాడు.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఒకే మెదడులో రెండు భాషలుంటే దెబ్బ తగిలినప్పుడు రెండూ ఒకేలా పోవాలని లేదు. ఒక్కొక్కరికి ఒక్కోలా అవుతుంది. మీ అక్కకి చిన్నప్పటిది చాలావరకు మిగిలింది, బడిలో నేర్చుకున్నది దెబ్బతింది. పాటలు వేరే దారిన వస్తాయి, అందుకే పాడగలిగింది, అందులో నాటకం లేదు. ఆలోచించే శక్తి వేరు, దాన్ని బయటికి చెప్పే మాట వేరు. ఈమె ఆలోచనకి ఏమీ కాలేదు.

"తెలుగు మళ్ళీ వస్తాదా అమ్మా?" అని బావ అడిగాడు.

"కొంత రావచ్చు. ఎంతో చెప్పలేను. ఈలోగా మీరు ఆమెతో మీ భాషలోనే మాట్లాడండి. అన్నీ ఆమెని అడిగే చెయ్యండి."

కొత్త కాగితం రాసిచ్చింది. తెలివికి లోపం లేదని, మాట, అందులోనూ తెలుగు దెబ్బతిందని. ఆ కాగితాన్ని నేను అక్కకి ఒడియాలో చదివి వినిపించాను. పాత కాగితంలో ఏముందో కూడా అప్పుడే చెప్పాను. ఆమె బావ వైపు తిరిగి, తాళాల గుత్తి ఎందుకిచ్చావని ఒకే ఒక్క మాట అడిగింది.

ఇది జరిగి చాలా నెలలైంది. ఆఫీసులో కొత్త కాగితం ఇచ్చాం, పాతది రద్దు చేయమని అర్జీ పెట్టాం. బోర్డు ఇచ్చినదాన్ని ఒక్క డాక్టరు మార్చలేదని ఒకరు, మళ్ళీ బోర్డుకి రమ్మని ఒకరు, ఫైలు పైకి పంపామని మరొకరు. మతి లేదని రాయడానికి మూడు నిమిషాలు పట్టింది. ఉందని ఒప్పుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పరు. ఆ గదుల్లో టీచరుగా నేనే ఇంత గట్టిగా మాట్లాడాల్సి వస్తే, ఏ చదువూ లేని వాళ్ళ అక్కలు, అమ్మలు ఎంతమంది ఇలాంటి కాగితాల కింద అణిగిపోయి ఉంటారో అని వరండాలో కూర్చున్న ప్రతిసారీ ఆ బెంచీల మీద వాళ్ళ ముఖాలు చూస్తుంటాను.

బావ మారాడు. రాగి చేను ఈ ఏడు అక్క చెప్పినచోటే వేశాడు. కొత్త నర్సు అమ్మాయి అక్క దగ్గర ఒడియా నేర్చుకుంటోంది. సూది వేసే ముందు సీసా ఎత్తి అక్కకి చూపిస్తుంది, అక్క చూసి సరేనంటేనే మూత తీస్తుంది. దీన్ని ఏ ఉత్తర్వులోనూ రాయలేదు. అక్కకి తెలుగు మాటలు పదో పన్నెండో తిరిగి వచ్చాయి. వాటిలో రెండు తిట్లు.

పోయిన నెల తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆ బుధవారం నేనూ ఉన్నాను. అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, రిజిస్టర్లు తిరగేసి, తల్లుల మధ్య కూర్చున్న అక్కని చూసి, ఈవిడెవరని అడిగాడు. నర్సు చెప్పింది.

"ఓహో, ఆ కేసు ఈవిడదేనా?" అని నా వైపు తిరిగాడు. "ఏమ్మా, మనం మాట్లాడేది ఈవిడకి అర్థమవుతుందా?"

"ఆమెనే అడగండి సార్," అన్నాను.

ఆయన కొంచెం ఇబ్బందిపడి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచి, "బాగున్నావా అమ్మా?" అన్నాడు.

అక్క కర్ర మీద చెయ్యి ఆనించి నిదానంగా లేచి నిలబడింది. ఒడియాలో మొదలుపెట్టింది. సిగ్నల్ బండ గురించి చెప్పింది, డోలీ గురించి చెప్పింది, పెట్టెలో కరిగిపోయే ఐసు గురించి, ఫైలు గురించి, తన తాళాల గుత్తి గురించి, బోర్డు గదిలో కోడిపెట్ట గురించి చెప్పింది. మధ్యలో మాటలు దొరకనిచోట ఆగి, వెతుక్కుని, మళ్ళీ అందుకుంది. చుట్టూ ఉన్న తల్లులు మొదట తలలు దించుకున్నారు, తర్వాత ఒకరి తర్వాత ఒకరు అవునవునని వంత పలికారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క ముగించి కూర్చుంది.

అధికారి నా వైపు చూశాడు. "ఏమంటోంది?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతమందిలో ఆయనొక్కడికే అర్థం కాలేదు. తెల్లమొహం వేసుకుని, ఏం చేయాలో తెలియక, కాస్త నవ్వి తలూపాడు.

నేను తర్జుమా చేయలేదు. నర్సుని చేయమన్నాడు. ఆ అమ్మాయి నన్ను ఒకసారి, అక్కని ఒకసారి చూసి, తనకింకా అంత రాదని చెప్పింది. ఆయన రిజిస్టరులో సంతకం చేసి జీపెక్కాడు. జీపు వంపు తిరిగేలోపే అక్క తర్వాతి బిడ్డని ఒళ్ళోకి తీసుకుని, సీసా తెమ్మని నర్సుకి చెయ్యి చాపింది.